నలభై సెకన్లు ముందు

నేను ఒక డిష్ యాంటెన్నాను. పన్నెండడుగుల జాలీ డిష్‌ని. ఇళ్ల మీద పళ్లెం బిగించినట్టు కనిపించే చిన్న డిష్‌లతో నన్ను కలిపి మాట్లాడకండి, నాకు ఒళ్లు మండుతుంది. జమ్మికుంట చౌరస్తాలో ఒక రెండంతస్తుల భవనం మీద ఇరవై ఆరేళ్లుగా ఆకాశం వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాను. ఊళ్లోవాళ్లు నన్ను ‘సదయ్య గొడుగు’ అంటారు. వానకూ ఎండకూ పనికిరాని గొడుగు పెట్టుకుని మురిసిపోయిన ఊరు ఇదొక్కటే అయి ఉంటుంది.

హైదరాబాదులో బాలానగర్ దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ముక్కలు ముక్కలుగా లారీ ఎక్కాను. సదయ్య అనే పాతికేళ్ల మనిషి నన్ను ఈ కప్పు మీద పరిచి, ఒక్కో బోల్టూ తనే బిగించాడు. కానీ ఆకాశంలో ఉపగ్రహం ఎక్కడుందో అతనికి దిక్సూచి చూసినా అంతుబట్టలేదు. నా పక్కనే ఉన్న గదిలో టీవీ పెట్టి, పెళ్లయి మూడు నెలలైన తన భార్య వనమాలను దాని ముందు కూర్చోబెట్టాడు. అతను బయట నన్ను వేలెడు తిప్పడం, ఆమె లోపలి నుంచి కేకెయ్యడం.

“ఇంకింత ఇటు... ఆఁ, అచ్చింది, అచ్చింది! అయ్యో, పాయె!”

మధ్యాహ్నమంతా ఇదే పాట. పొద్దు వాలేవేళకు తెర మీద తెల్లబట్టలు కట్టుకున్నవాడెవడో బ్యాటు ఊపుతూ స్పష్టంగా కనిపించాడు. ఈ ఊళ్లో నా బొమ్మ మొదట చూసింది వనమాలే.

తర్వాత నాకు మంచిరోజులు వచ్చాయి. సదయ్య కేబుల్ కనెక్షన్లు ఇస్తూ పోయాడు, ఆరువేల ఇళ్లకు నా తీగ వెళ్లింది. క్రికెట్ ఉన్న రోజున ఊరంతా నా మీదే ఆధారపడేది. ఒకసారి పెద్ద మ్యాచ్ జరుగుతుంటే ఒక కోతి వచ్చి నా నడుమనున్న డబ్బా మీద తీరిగ్గా కూర్చుంది. బొమ్మ పోయింది. పది నిమిషాల్లో సగం ఊరు కర్రలు పట్టుకుని కప్పు ఎక్కింది. వాళ్లలో ఇద్దరు డాక్టర్లు, ఒక హెడ్మాస్టరు కూడా ఉన్నారు. మనుషులు దేని కోసం మెట్లెక్కి వస్తారో, దేనికి రారో నాకు ఆ రోజు కొంత అర్థమైంది.

ఇక ఫోన్లు వచ్చాయి. మొదట కుర్రవాళ్లు వెళ్లారు, వెనకే వాళ్ల నాన్నలూ వెళ్లారు. ఆటలన్నీ ఫోనులోకి పోయాక, తీగ పీకించుకునేవాళ్లు నన్ను పలకరించినా పలకరించకున్నా సదయ్యను మాత్రం తప్పించుకు తిరిగేవారు. ఆరువేలు నాలుగువందలయ్యాయి. ఆ నాలుగువందల ఇళ్లలో ఎక్కువమందికి నేనంటే ప్రేమ ఏమీ లేదు, ఫోను నొక్కడం రాదు, అంతే.

అయినా ఒక్క విషయంలో మాత్రం ఫోను నా కాలిగోటికి సరిపోదు. ఆకాశం నుంచి దిగిన బొమ్మ నా దగ్గర వెంటనే పడుతుంది. అదే ఆట ఇంటర్నెట్టు దారి పట్టి, ఊళ్లు తిరిగి తిరిగి ఫోనులోకి వచ్చేసరికి నలభై సెకన్లు ఆలస్యం. ఇది ఊరికి ఎలా తెలిసిందంటే, కింద సెలూన్‌లో నా తీగ ఉండేది. అక్కడ గడ్డం గీయించుకునేవాళ్లు ‘అవుట్!’ అని అరిచేవారు. ఎదుటి హోటల్లో ఫోను పట్టుకున్నవాళ్లకు ఆ బౌలర్ ఇంకా పరుగే మొదలుపెట్టి ఉండడు. తిట్లూ శాపనార్థాలూ అయ్యాక వాళ్లకు ఒక అలవాటు పట్టుబడింది. ఆట ఉత్కంఠగా ఉన్నప్పుడు ఫోను చూస్తూనే ఒక చెవి సదయ్య భవనం వైపు పడేసేవారు. ఇక్కడ అరుపు వినబడితే అక్కడ ముందుగానే గంతులు వేసేవారు. సెలూన్ మూతపడ్డాక ఆ అరుపు సదయ్య ఒక్కడిదే అయింది.

ఇంతవరకు నా గొప్పలు. ఇక సదయ్య, వనమాలల అమ్మాయి సంగతి చెప్పాలి.

రవళికి ఇరవై మూడేళ్లు. కబడ్డీలో రెయిడర్. కూతకు వెళ్తే ఎదుటివాళ్లను తాకి పాములా జారుకుని వస్తుందని పేరు. రెండేళ్ల కింద ఆమె కుడి మోకాలు తిరిగిపోయింది. వరంగల్ ఆసుపత్రిలో కోసి కుట్టారు. పదకొండు రోజులు వనమాల ఆ మంచం పక్కన నేల మీదే పడుకుంది. మళ్లీ ఆ కాలే తిరిగితే నడవడం కూడా చెప్పలేమన్నాడు డాక్టరు. ఇక ఆట వద్దని వనమాల తేల్చి చెప్పింది. రవళి ఏడ్చింది, అన్నం మానేసింది. వనమాల కదల్లేదు.

కాలు కుదురుకున్నాక సదయ్య ఒక పని చేశాడు. వనమాల పెద్దపల్లిలో చెల్లెలింటికి వెళ్లిన రోజు చూసి, కూతుర్ని తనే స్టేషనుకు తీసుకెళ్లి, రాష్ట్ర జట్టు శిక్షణకు రైలెక్కించి వచ్చాడు. మర్నాడు తిరిగొచ్చిన వనమాల ఖాళీ మంచం చూసింది. అరవలేదు, ఏడవలేదు. ఆ రోజు నుంచి ఐదు నెలలు భర్తతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, మంచినీళ్లు పెట్టేది, ఏదన్నా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పేది. సదయ్య కూడా గోడకే జవాబు చెప్పేవాడు. ఆ గోడకు నోరుంటే ఇద్దర్నీ చెరో చెంపా వాయించి ఉండేదని నా నమ్మకం.

రవళి జట్టు జాతీయ ఫైనల్‌కు చేరింది. ఎదురుగా హర్యానా.

ఫైనల్ రోజు చౌరస్తాలో పెద్ద తెర లేచింది. పెట్టించింది సెల్‌ఫోన్ దుకాణం అజ్మత్. ఫోనులో వచ్చే ఆటనే ఆ తెర మీద వేస్తాడు. వనమాలకు ముందు వరసలో కుర్చీ వేయించి, మెడలో దండ కూడా వేశాడు. కేబుల్ ఉన్న నాలుగువందల ఇళ్లవాళ్లు కూడా టీవీలు కట్టేసి అక్కడికే నడిచారు, ఒంటరిగా చూస్తే మజా ఏముంటుందని. అజ్మత్ స్వయంగా పైకి వచ్చి సదయ్యను పిలిచాడు.

“సదన్నా, బిడ్డ ఆటకు తండ్రి లేకుంటె ఎట్ల? రా రాదె.”

“నాకాడ ఇంత పెద్ద గొడుగు పెట్టుకొని, నీ ఫోన్ల సినిమ జూడాల్నా? నేనీడనే జూస్త.”

“సరె. కని అల్లాకే వాస్తే నువ్వు ఒర్రకు. నువ్వు ముందుగాల ఒర్రినవంటె కింద మా మజా అంత పాడైతది.”

ఒర్రను, నోరు తెరవను అని సదయ్య మాటిచ్చాడు. గొడుగు సాకు నేను నమ్మలేదు. వనమాల పక్కన ఖాళీ కుర్చీ ఉంది, అందులో కూర్చోవడానికి అతనికి మొహం చెల్లలేదు. ఆ మోకాలికి ఏమైనా అయితే పంపినవాడు తనే. ఆ సంగతి అతనికి తెలుసు, వనమాలకు తెలుసు, గోడకు కూడా తెలుసు.

సాయంత్రం ఏడింటికి ఆట మొదలైంది. గదిలో సదయ్య టీవీకి మూరెడు దూరంలో స్టూలు మీద కూర్చున్నాడు. కింద తెర ముందు ఏడెనిమిది వందలమంది. నా ఎత్తు నుంచి రెండూ కనిపిస్తాయి. ఇక్కడ రవళి పాయింటు తెస్తే సదయ్య నోట్లో తువ్వాలు కుక్కుకునేవాడు. నేను మనసులో లెక్కపెట్టేదాన్ని. నలభై అనగానే కింద ఈలలు లేచేవి.

మొదటి సగంలో రవళి ఆరుసార్లు కూతకు వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ సదయ్య ఆమె చేతులు చూడలేదు, మొహం చూడలేదు, కుడి మోకాలికున్న నల్లపట్టీనే చూశాడు. రెండో సగంలో స్కోరు ఇద్దరికీ పక్కపక్కనే నడిచింది. చివరి నిమిషం వచ్చేసరికి మనవాళ్లు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. కూతకు వెళ్లాల్సింది రవళి.

ఆమె గీత దగ్గర వంగి మట్టికి మొక్కినట్టు కోర్టులో పరిచిన చాపను తాకింది. లోపలికి వెళ్లింది. ఎడమ మూలనున్న పిల్లను తాకబోయి వెనక్కి తిరిగింది. ఇద్దరు గొలుసుగా వచ్చి నడుము దగ్గర పట్టారు, మూడోది కాళ్ల మీద పడింది. కుడికాలు కింద ఉండిపోయింది, మనిషి పక్కకు తిరిగింది. రవళి మోకాలు రెండు చేతులతో పట్టుకుని వెల్లకిలా పడిపోయింది.

సదయ్య లేచి నిలబడ్డాడు. “లే బిడ్డా” అన్నాడు, పిలిచినట్టుగా. ఆమె లేవలేదు. జట్టు డాక్టరు సంచీతో పరుగెత్తడం కనిపించింది.

కింద వనమాల ఆ కుర్చీలో ఒంటరిగా ఉంది. ఇంకాసేపట్లో అంత పెద్ద తెర మీద, అన్ని వందలమంది నడుమ, ఆమె అది చూడబోతోంది. ఆ ఆలోచన సదయ్య మొహం మీదికి రావడం నేను చూశాను. మరుక్షణం గదిలో స్టూలు బోర్లా పడింది. చెప్పులు వేసుకోలేదు. మెట్ల మీద అతని కాళ్ల చప్పుడు కిందికి దొర్లిపోయింది. వీధి దాటాడు. అడ్డొచ్చినవాళ్లను మోచేతులతో నెట్టాడు.

అతను చేరేసరికి తెర మీద రవళి ఇంకా గీత బయట నిలబడి, జుట్టు వెనక్కి నెట్టుకుంటోంది. ఏమీ కాలేదు. కాలు బాగానే ఉంది. జనం ఆమె పేరు పెట్టి అరుస్తున్నారు.

వనమాల తల తిప్పి భర్త మొహం చూసింది. అతను చెప్పక్కర్లేకపోయింది.

“కాలేనా?” అంది. ఐదు నెలల తర్వాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

సదయ్య తలూపాడు.

వనమాల లేచి నిలబడి తెర వైపు రెండు చేతులూ చాచి అరిచింది. “వద్దు బిడ్డా! పోకు! పోకు బిడ్డా, ఎనుకకు రా!”

తెర మీద రవళి వంగి చాపను తాకింది. జరిగిపోయినదాన్ని ఆపమని ఒక తల్లి అరుస్తుంటే ఏడెనిమిది వందలమంది చూస్తూ నిలబడ్డారు. నా వేగం గురించి ఇంత గొప్పలు చెప్పుకున్నాను కదా, నాకు అప్పుడు సిగ్గేసింది. అందరితోపాటు ఆమెకూ ఒక్కసారే తెలిసి ఉంటే, ఆ పిల్ల గీత దాటి వెళ్లిన ఆ కాసేపు ఆమె అంత నరకం పడేది కాదు.

తెర మీద రవళి పడింది. వనమాల కుర్చీలో కూలబడింది. సదయ్య పక్కన నేల మీదే కూర్చుని, “నేనే పంపిన. తప్పు నాదే. నన్ను కొట్టు” అంటున్నాడు. ఆమె కొట్టలేదు. అతని మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగేలా.

సరిగ్గా అప్పుడు, పైన ఖాళీ గదిలో, బోర్లా పడ్డ స్టూలు ముందు నడుస్తున్న టీవీలో, రవళి లేచి కూర్చుంది. డాక్టరు కాలు పట్టుకుని మడిచాడు, చాపాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి లేచింది. ఒకడుగు వేసింది. కుంటింది. ఇంకో అడుగు వేసింది. ఆ తర్వాత మామూలుగా నడిచి, కెమెరా వైపు చూసి చెయ్యెత్తింది. పిక్క పట్టేసిందట, మోకాలు పదిలమేనట. ఆ ముక్క టీవీలో వాళ్లు హిందీలో రెండుసార్లు చెప్పారు. ఈ ఊళ్లో అది విన్నదాన్ని నేనొక్కదాన్నే.

కింద వాళ్లకు ఆ పిల్ల ఇంకా పడే ఉంది. అలవాటు కొద్దీ కొందరు తలలెత్తి నా వైపు చూశారు, పైనుంచి ఏదైనా అరుపు వస్తుందేమోనని. అరిచే మనిషి వాళ్ల మధ్యనే నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. వనమాల కళ్లు మూసేసుకుంది. లేచింది, మీ బిడ్డ లేచింది, నడుస్తోంది అని చెప్పాలని నాకెంత అనిపించిందో మాటల్లో చెప్పలేను. ఇరవై ఆరేళ్లు ప్రపంచంలోని అరుపులన్నీ ఈ ఊరికి తెచ్చిపోశాను. నా సొంతానికి ఒక్క కేక లేదు. పది. ఇరవై. ముప్పై. అంత పొడుగు నలభై నేను మళ్లీ లెక్కపెట్టలేదు.

తర్వాత చౌరస్తాలో లేచిన అరుపుకు నా జాలీ అదిరింది. అజ్మత్ వనమాల భుజాలు పట్టుకుని, “అక్కా, కండ్లు తెరువు, కండ్లు తెరువు, నడుస్తాంది!” అంటున్నాడు.

మ్యాచ్ రెండు పాయింట్లతో పోయింది. ఆ సంగతి వనమాలకు మర్నాడు ఎవరో చెబితే గానీ తెలియలేదు.

జనం పలచబడ్డాక ఇద్దరూ కలిసి మెట్లెక్కి గదిలోకి వచ్చారు. టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. బహుమతులిస్తున్నారు. సదయ్య తలదించుకుని నిలబడ్డాడు. ఆమె గోడ వైపు చూడకుండా అతని వైపే చూసి చెప్పింది.

“పంపుడు నీ ఇష్టానికి పంపినవ్. అది ఆడుడు దాని ఇష్టానికి ఆడింది. ఇంక నాది గూడ ఒక మాట ఉన్నది. నువ్వు ముందుగాల జూసి, నీ మొకం నాకు సూపెట్టొద్దు. మంచైనా చెడైనా ఇద్దరికి ఒక్కసారే తెల్వాలె.”

సదయ్య టీవీ కట్టేశాడు. బయటికి వచ్చి, నా నడుమనున్న డబ్బా నుంచి తీగ విప్పేశాడు. విప్పేముందు చేత్తో నా అంచు ఒకసారి తుడిచాడు. మిగిలిన నాలుగువందల ఇళ్లకూ మర్నాటి నుంచి తనే తిరిగి ఫోను నొక్కడం నేర్పాడు. నాకు కోపం వచ్చింది, దాచుకోను. కానీ వనమాల మాటలో తప్పు వెతికితే దొరకలేదు.

పాత సామాను కొనేవాడు రెండుసార్లు వచ్చి నన్ను చూసుకుని వెళ్లాడు. ఇంకా దించలేదు. ఇంట్లో సిగ్నల్ సరిగా రాదు, కప్పు మీదైతే బాగా వస్తుంది. ఏడు నెలల తర్వాత ఈ సాయంత్రం ఇద్దరూ చాప తెచ్చి ఇక్కడే పరిచారు. ఫోను ఎక్కడ నిలబెట్టాలా అని అటూ ఇటూ చూసి, నా అంచుకు ఆనించారు. ఫోనుకు ఆనుడు కర్రనయ్యాను, ఏం చేస్తాం.

ఫోనులో రవళి గీత దగ్గర వంగి కోర్టు చాపను తాకుతోంది. కుడికాలికి అదే నల్లపట్టీ. వనమాల చెయ్యి సదయ్య మణికట్టు మీద ఉంది. ఆ పిల్ల కూతకు బయల్దేరింది. ఏమవుతుందో వాళ్లిద్దరికీ తెలియదు. ఈసారి నాకూ తెలియదు.