ఆరు వేల చుట్లు

పంపు మోటరు గాడుల్లోంచి కాలిపోయిన తీగను కాశమ్మ కొక్కెంతో లాగి పడేస్తోంది. నల్లబడ్డ వార్నిష్ పెళ్లలు ఆమె ఒడిలో పరుచుకున్న గోనెపట్టా మీద రాలుతున్నాయి. సైదాబాద్ రోడ్డు మీద వైకుంఠం మోటరు వైండింగ్ దుకాణంలో పదిహేనేళ్లుగా ఆమెకు పొద్దు ఇలాగే మొదలవుతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఎడమ బొటనవేలి మీద తీగ ఒరిసి ఒరిసి పడిన గీత, పుట్టుకతో వచ్చినదేమో అనిపిస్తుంది.

దుకాణం ముందు ఆటో ఆగింది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న నందిని, రూప దిగారు. ఒకరి చేతిలో బరువైన ఇనుప చట్రం, ఇంకొకరి చేతిలో ప్లాస్టిక్ గొట్టం కోసి చేసిన బాబిన్, రాగి తీగ రీలు.

“అన్నా, దీని మీద ఆరు వేల చుట్లు చుట్టాలె. రేపు పదింటికి మా ప్రాజెక్టు చూస్తరు,” అంది నందిని.

వైకుంఠం తీగ రీలును వెలుగుకెత్తి చూశాడు. తీగ వెంట్రుకంత సన్నంగా ఉంది.

“మాతోని కాదమ్మా. మా మెషిన్ మీద పెడితే పటుక్కున తెగుతది. ఉస్మాన్‌గంజ్‌ల అడిగిన్రా?”

“మూడు దుకాణాలు తిరిగినం. అందరిదీ గిదే మాట. మేమే చుట్టుకున్నం, పన్నెండు వందలకే తెగింది. ఇగ ఈ ఒక్క రీలే ఉంది.”

కాశమ్మ కొక్కెం పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఇటియ్యి బిడ్డా.”

పెళ్లయిన కొత్తలో ఆమె చందూలాల్ బారాదరిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరింది. కరెంటు మీటర్లలోకి కాయిళ్లు చుట్టే పని. ఇరవై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఇలాంటి తీగే చుట్టేవారు. పందొమ్మిదేళ్లు చేశాక ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత ఆమె చేతికి వచ్చినవన్నీ ఫ్యాన్లూ పంపులూ, వాటి మొద్దు తీగలూ. రీలు నుంచి మూరెడు తీగ లాగి వేళ్ల మధ్య పోనిచ్చింది. వేళ్లు మరిచిపోలేదు.

“దీంతోని ఏం చేస్తరు?”

“భూమి కదిలితే చూపెట్టే యంత్రం అమ్మా,” అంది రూప, చట్రాన్ని నేల మీద పెట్టి అందులోని రాడ్డు చూపిస్తూ. “ఈ రాడ్డు తలుపు లెక్క వేలాడుతది. కొసకు అయస్కాంతం ఉంటది. నేల కదిలినా రాడ్డు వెంటనే కదలదు. అప్పుడు కాయిల్ లోపల అయస్కాంతం ఇటు అటు జరిగినట్టయితది...”

“కాయిల్‌ల కరెంటు పుడ్తది,” కాశమ్మ మాట అందుకుంది. “మోటరుకు ఉల్టా గదా. దానికి కరెంటిస్తే కదుల్తది, దీన్ని కదిపితే కరెంటిస్తది.”

అమ్మాయిలు మొహాలు చూసుకున్నారు.

“గది అర్థమయ్యేటందుకు మాకు ఒక సెమిస్టర్ పట్టింది,” అంది నందిని.

“అక్కా, తెగిందంటే పిల్లల పని ఆగమైతది. మనకెందుకు లొల్లి?” అన్నాడు వైకుంఠం.

“తెగితే అతుకుత. మోటరు మధ్యాహ్నం జేస్త. నువ్వు ఫికర్ జేయకు.”

మూలనున్న చేతి చక్రాన్ని దులిపి బల్లకు బిగించింది. బాబిన్ అంచుల్ని గోటితో తడిమి, గరుకుగా ఉన్న చోట సన్న గరుకు కాగితంతో రుద్దింది. “మీ తీగ గీడనే తెగింది,” అని చూపించింది. ఫ్యాన్ ఆపించింది. గాలికి కూడా ఈ తీగ ఊగుతుందట. కుడి చేత్తో చక్రం, ఎడమ చేతి వేళ్ల మధ్య మెత్తటి గుడ్డ, గుడ్డలో తీగ. చక్రం తిరిగింది. రాగి తీగ చుట్టు పక్కన చుట్టుగా, ఎక్కడా ఎక్కకుండా, దిగకుండా పరుచుకుంటూ పోయింది. వెయ్యి చుట్లయినప్పుడల్లా బల్ల మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది. లెక్క తప్పకుండా చుట్లను పెదాల మీదే లెక్కపెట్టుకుంది. గిరాకీ వస్తే వైకుంఠమే గడప దగ్గర ఆపి చేత్తో సైగ చేశాడు.

నాలుగో గీత గీసిన కాసేపటికి తీగ తెగింది.

రూప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాశమ్మ మాత్రం చుట్టిన కొస జారకుండా బొటనవేలితో అదిమిపట్టి, రెండో చేత్తో రీలు కొసను వెతికింది. రెండు కొసల మీదా పూత గీకి, మెలిపెట్టి, చుక్కంత సీసం కరిగించి, పైన పలుచని కాగితం చుట్టింది. ఆ అతుకు ఎక్కడుందో కాసేపటికి అమ్మాయిలకు కనిపించలేదు.

“కరెంటుకు అతుకుతోని పనిలేదు బిడ్డా. గట్టిగుంటే సాలు.”

ఒంటిగంట దాటాక ఆరో గీత పడింది. మీటరు పెట్టి చూస్తే పదిహేను వందల ఎనభై ఓములు. తాము కాగితం మీద కట్టిన లెక్కకు అది ఇంత దగ్గరగా వస్తుందని నందిని అనుకోలేదు. అక్కడే నేల మీద యంత్రం బిగించి లాప్‌టాప్‌కు కలిపారు. తెర మీద గీత నిలకడగా సాగింది. బయట బస్సు పోగానే ఎగిరిపడింది.

“అమ్మా, మీరు గా మూల నుంచి నడిచి రండి,” అంది రూప.

కాశమ్మ చెప్పులు విడిచి నడిచింది. తెర మీద గీతలో అడుగుకొక చిన్న మిట్ట లేచింది. ఆమె ఆగింది, మళ్లీ నడిచింది, మళ్లీ చూసింది. దుకాణంలో ఆమె అంత గట్టిగా నవ్వడం వైకుంఠం ఎన్నడూ వినలేదు.

“నా అసొంటి బక్కదాని నడక గూడ దొరుకుతదా!”

వెళ్లేముందు నందిని పుస్తకం తీసింది. “రిపోర్టుల మీ పేరు రాస్తం. పూర్తి పేరు చెప్పుండ్రి.”

“కాశమ్మ అని రాయి, సాలు.” కాస్త ఆగి అంది, “రేపు ఏమన్నరో వచ్చి చెప్పుండ్రి మరి.”

మధ్యాహ్నం ఆమె అన్నం తిని, మాట ప్రకారం మోటరు పూర్తి చేసింది. తర్వాత ఎవరిదో సీలింగ్ ఫ్యాన్ ముందేసుకుంది. ఆరు గంటలకు, “భుజం గుంజుతున్నది వైకుంఠం, మిగిలింది రేపు జేస్త,” అని గౌలిపుర బస్సెక్కింది.

మర్నాడు పన్నెండింటికి అమ్మాయిలు పరుగున వచ్చేసరికి షట్టరు సగమే లేచి ఉంది. వైకుంఠం ఒక్కడే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

“అక్క పొద్దుగాల లేవలేదమ్మా,” అన్నాడు. “నిద్రలనే పోయింది. నేను గిప్పుడే ఆడికెళ్లి వచ్చిన.”

కాశమ్మ వచ్చి చెప్పమంది కదా అనుకుందేమో, రూప వైకుంఠానికే అంతా చెప్పింది. పెద్ద సారు కాయిల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ మెషిన్ మీద చుట్టించారని అడిగాడు. మెషిన్ కాదు సార్, సైదాబాద్‌ల కాశమ్మ అని ఉన్నది, చేత్తోని చుట్టింది అన్నారు. ఆయన అద్దాలు తీసి మళ్లీ చూసి, ఆమెను ఒకసారి కాలేజీకి పిలవండి, మన పిల్లలకు నేర్పిస్తుంది అన్నాడు.

వైకుంఠం తలూపాడు. ముగ్గురూ బల్లకేసి చూశారు. అక్కడ సీలింగ్ ఫ్యాన్ సగం గాడులు నిండి, సగం ఖాళీగా ఉంది. తీగ కొస విడిపోకుండా ఆమె కట్టి వెళ్లిన నూలు ముడి ఇంకా బిగువుగానే ఉంది.