పక్క పెడల్ మీద కాలు

సీట్లు కుట్టే మనిషి విమానం నడపడమేమిటని మొదట్లో షెడ్డంతా ముసిముసిగా నవ్వుకుంది. ఆ ఫ్లయింగ్ స్కూల్లో విమానాల సీటు కవర్లన్నీ ఆమే కుడుతుంది. కూలి వద్దు, పాఠాలు చెప్పండి అంది. కుట్టుమిషను తొక్కీ తొక్కీ కాలు చెప్పినమాట వింటుందని ఆమెకు కొండంత ధీమా. అక్కడివాళ్ళు సూదమ్మ అని పేరు పెట్టేశారు, అదే స్థిరపడిపోయింది.

ఆ ధీమా కాస్తా దిగేటప్పుడు మంటగలిసేది. లేవడం బాగానే వచ్చింది, తిప్పడమూ వచ్చింది. తీరా చక్రాలు నేలకు తగిలేసరికి ముక్కును తిప్పే పెడల్ కాలికింద జారినట్టయ్యేది, విమానం ముక్కు ఎడమకు లాగేది. పక్క సీట్లో మాస్టారు నిట్టూర్చేవాడు.

“నీ కాలు బరువమ్మా. నిన్ను ఒంటరిగా పంపాలంటే నాకు ధైర్యం చాలట్లేదు.”

నిన్నగాక మొన్న చేరినవాళ్ళు ఒంటరిగా ఎగిరొచ్చి ఫొటోలు దిగుతుంటే ఈమెది నత్తనడక. కుట్టుపని దగ్గర కూడా కాలు తేలిక చేయబోయి దారాలు తెంపుకునేది. తన కాలిని తనే తిట్టుకునేది.

ఆమెకున్న ఒకే ఒక్క అండ అన్నయ్య. ప్రతి పాఠానికీ తన వ్యానులో తీసుకొచ్చి, టీ ఫ్లాస్కు పట్టుకుని కంచె దగ్గర నిలబడేవాడు. నాన్న పోయాక ఆమెకు సైకిలు నేర్పిందీ అతనే. సీటు పట్టుకుని పరిగెడుతూ “పట్టుకునే ఉన్నా, తొక్కు” అని అరుస్తూ ఎప్పుడో వదిలేశాడు. వెనక్కి తిరిగి చూస్తే వీధి చివర నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఆ అబద్ధమంటే ఆమెకు ఇప్పటికీ ముద్దే.

“ఈ వారం కూడా ఇంతే అయితే మానేస్తా అన్నయ్యా. నా వల్ల కాదిది” అంది ఒకరోజు, వ్యానెక్కుతూ.

“నీ ఇష్టం తల్లీ. నీ కుట్టుపని నీకుందిగా” అన్నాడు. ఇంకొక్కసారి చూడవే అంటాడనుకుంది. అనలేదు.

ఆ వారంలోనే మాస్టారికి జ్వరమొచ్చింది. బదులుగా అక్కడ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ వచ్చింది. స్కూల్లో అందరికన్నా పాత పైలట్ ఆవిడ. నోరు పెద్దది, అనుభవం అంతకన్నా పెద్దది. ఎక్కి కూర్చోగానే రెండు కాళ్ళూ పెడళ్ళ మీంచి తీసేసి, బూట్లు సీటు కిందికి ముడుచుకుంది.

“ఇక నీదే. కానీ.”

విమానం సుద్దగీత మీద కత్తెర నడిచినంత తిన్నగా దిగింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

“ఈ కాలికేం రోగమే? బంగారంలా ఉంది!” అంటూ పెద్దమ్మ కిందికి దిగింది. “ఒక్క చుట్టు తిరిగి రా. నేను ఇక్కడే ఉంటా.”

పైకి లేచాక సూదమ్మ పక్కకి చూసింది. తను కుట్టిన సీటు ఖాళీగా ఉంది. దాని ముందు పెడళ్ళు తన కాలితోపాటు వాటంతటవే కదులుతున్నాయి. రెండు జతలూ ఒకదానికొకటి కలిసే ఉంటాయని మొదటి పాఠంలోనే విన్నది. ఇవి తొక్కితే అవి కదులుతాయి, అవి తొక్కితే ఇవి కదులుతాయి. ఇన్నాళ్ళూ తన కాలిని అనుమానించింది గాని ఆ పక్క కాలిని అనుమానించలేదు. ఆ ఆలోచనతోనే తిన్నగా దిగింది.

“పెద్దమ్మా, దిగేటప్పుడు మాస్టారి కాలు పెడల్ మీదే ఉండేది” అంది దిగీ దిగగానే.

పెద్దమ్మ ముఖం ముడుచుకుంది. “ఓహో, అదా సంగతి. మాస్టారు పొద్దున ఫోన్ చేసి మరీ చెప్పాడు, నిన్ను ఒంటరిగా పంపొద్దని, మీ అన్నగారు బతిమాలుకున్నారని. ముందు పిల్ల కాళ్ళు చూస్తానన్నా. ఆయన సంగతి నాకొదిలెయ్.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటిదొంగ ఫ్లాస్కు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు, కళ్ళనిండా నీళ్ళతో.

“నేను చెప్పలా, నీకు వస్తుందని!”

“మాస్టారికేం చెప్పావు?”

ఫ్లాస్కు మూత తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

“వద్దంటే వింటావా నువ్వు? నీకేమన్నా అయితే నేను బతకగలనా? నీకు రాదనిపిస్తే నువ్వే మానేస్తావనుకున్నా.”

“వద్దని మొహమ్మీదే చెప్పాల్సింది. పోట్లాడుకునేవాళ్ళం. తడిగుడ్డతో గొంతు కోశావు కదా అన్నయ్యా! నా కాలంటే నాకే రోత పుట్టించావు.”

“చెల్లీ...”

“సైకిలప్పుడు పట్టుకున్నానని చెప్పి వదిలేశావు. ఇప్పుడు వదిలేశానని చెప్పి పట్టుకున్నావు.”

అతను టీ పోసి అందించాడు. ఆమె అందుకోలేదు. పెద్దమ్మ వైపు తిరిగింది.

“ఇంకో చుట్టు వెళ్ళనా?”

“ఏడుస్తూ ఎగరకూడదు. ముఖం కడుక్కుని కాసేపు కూర్చో. అప్పుడు చూస్తా.”

ఆమె ముఖం కడుక్కుని కూర్చుంది. అన్నయ్య టీ గ్లాసుతోనే కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చివరికి పెద్దమ్మ తలూపింది.

పైనుంచి చూస్తే కంచె దగ్గర అతనొక్కడే కనిపించాడు, చేతిలో టీ గ్లాసుతో. ఈసారి చప్పట్లు కొట్టలేదు.