కోటుపీసా, బేస్తా?

అమావాస్య నాడు ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇళ్ళలో మగ్గం చప్పుడు ఉండదు. సుబ్బన్న ఇంట్లో మాత్రం ఆ రోజు చప్పుడంతా పేకాటదే. మధ్యాహ్నం భోజనాలు కాగానే చాప పడాల్సిందే. సుబ్బన్న, తమ్ముడు మునీంద్ర ఒక జట్టు. వాళ్ళమ్మ చౌడమ్మ, సుబ్బన్న భార్య చౌడేశ్వరి ఇంకో జట్టు. జట్టువాళ్ళు ఎదురెదురుగా కూర్చోవాలి, పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవాలి, తురుపు చూసుకుని పట్లు లాగాలి. అదీ కోటుపీసు.

ఆ గుర్తుపెట్టుకోవడంలో చౌడమ్మను మించినవాళ్ళు వీధిలోనే లేరు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి వంట కంటే ముందు తురుపు దాచుకోవడం నేర్పిన మనిషి ఆమె. అలాంటిది, పోయిన అమావాస్యకు కోడలు తన జట్టన్న సంగతే మరిచిపోయి, కోడలు వేసిన ఆసునే తురుపుతో కోసేసింది. మునీంద్ర పొట్ట పట్టుకుని నవ్వాడు. చౌడమ్మా నవ్వింది గాని, ఆ పూట అన్నం సరిగా తినలేదు. చౌడేశ్వరికి ప్రాణం చివుక్కుమంది. అత్త పొయ్యి మీద పాలు మరిచిపోవడం, మనవరాలిని కూతురి పేరుతో పిలవడం ఆమె కొన్నాళ్ళుగా చూస్తూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఈసారి చాప పరుస్తూనే అంది. "ఎప్పుడూ కోటుపీసేనా? ఈ దినం బేస్తాడుదాము."

బేస్తులో జట్లుండవు, చేతిలో ముక్కలూ తక్కువే. అత్త ఒకటి మరిచినా ఎవరి కంటా పడదని ఆమె ఆశ.

"ఏమొదినా, భయపడితివా?" అన్నాడు మునీంద్ర.

"బేస్తు గూడా ఒక ఆటేనా?" అని సుబ్బన్న గొణిగాడు. భార్య గుడ్లురిమింది. ఎందుకో తెలియకపోయినా నోరు మూసుకున్నాడు పాపం.

చౌడమ్మ ముక్కలు కలపడం ఆపింది.

"ఏమే, నా మీద జాలా?"

"జాలెందుకత్తా? ఊరికే, కొత్తగా ఉంటాదని..."

"నాకు చెప్పొద్దులే. మర్సిపోతాండానని నాకు తెలీదా? పండ్లు తోముకున్యానో లేదో తెలీక మళ్ళా తోముకుంటాండా."

మునీంద్ర ముఖంలో నవ్వు మాయమైంది.

"బేస్తులో ఎవురాట వాళ్ళదే. మర్సిపోతే ఒక్కదాన్నే మునిగిపోతా. కోటుపీసైతే నా ఎదురుగ్గా నువ్వుండావు. నేను మర్సింది నువ్వు గుర్తుపెట్టుకుంటావు. నాకింకేం గావాల?"

మేలు చేస్తున్నాననుకుంటూ అత్తను ఒంటరిని చేయబోయినందుకు చౌడేశ్వరికి సిగ్గేసింది. వెళ్ళి ఆమెకు ఎదురుగా కూర్చుంది.

చౌడమ్మే ఇస్పేటు తురుపు చెప్పింది. మొదట్లో పట్లు బాగానే లాగింది. ఆట సగంలో, ముక్క వేయబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చేతిలోని ముక్కలను ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"తురుపేందే?"

జట్టువాళ్ళు ఒకరికొకరు ముక్కల సంగతి చెప్పుకుంటే ఆట పోయినట్టే. ఆ నియమం కోసం అన్నదమ్ములు ఎన్నిసార్లు జుట్లు పట్టుకున్నారో లెక్క లేదు. ఇప్పుడు మునీంద్రే తలొంచుకుని, "ఇస్పేటు మా," అన్నాడు.

చౌడమ్మ కస్సుమంది. "నిన్నెవురడిగినార్రా? నేనడిగింది నా కోడల్ని."

అందరూ చౌడేశ్వరి వైపు చూశారు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇస్పేటత్తా," అంది.

చౌడమ్మ తల ఊపి ముక్క వేసింది.