మంచి కంటికి పట్టీ

గడియారాలు బాగుచేసే తాతకు కళ్ల డాక్టరమ్మ మాట ఎంతకీ మింగుడుపడలేదు. ఆరేళ్ల మనవరాలికి ఎడమ కన్ను సరిగా కనబడదట. అందుకని శుభ్రంగా కనబడే కుడి కంటికి రోజూ ఆరు గంటలు పట్టీ వెయ్యాలట! దెబ్బ ఒక కాలికి తగిలితే కట్టు రెండో కాలికా? చోద్యం కాకపోతే!

“వెయ్యకపోతే ఆ కంటికి చూపు ఇక రాదట నాన్నా,” అంది కూతురు. రోజూ పొద్దున్నే పట్టీ అంటించి, పైన కళ్లద్దాలు పెట్టి, పిల్లను దుకాణంలో ఆయన దగ్గర దింపి ఆఫీసుకు పరుగు తీసేది.

అమ్మ వీధి మలుపు తిరగడం ఆలస్యం, పిల్ల గోల మొదలు. బల్లకు గుద్దుకునేది. బొమ్మల పుస్తకం ముక్కుకు ఆనించుకుని ఏడ్చేది. తాత ప్రాణం ఉసూరుమనేది. నలభై ఏళ్లుగా ఆయన ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటికి భూతద్దం ఇరికించుకుని పనిచేస్తున్నాడు. మూసిన కన్నేమైనా పాడైందా? లక్షణంగా ఉంది! జబ్బు కంటికే కదా విశ్రాంతి కావాలి? పట్టీ మెల్లగా ఊడదీసి ఎడమ కంటికి అంటించాడు.

“అమ్మకు చెప్పకే తల్లీ.”

సాయంత్రం కూతురు వచ్చేముందు మళ్లీ కుడి కంటికి మార్చేవాడు. ఇలా మూడు నెలలు గడిచాయి.

డాక్టరమ్మ పరీక్ష చేసి పెదవి విరిచింది. “ఏం మార్పు లేదే! పట్టీ వేస్తున్నారా?”

“ఒక్కరోజు కూడా మానలేదండీ,” అంటూ కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది.

వాళ్ల వెంట వచ్చిన తాత ముందుకు జరిగాడు. “నలభై ఏళ్లు మూసినా నా కన్ను బాగానే ఉంది కదండీ?”

“మీ కన్ను చూడడం నేర్చుకున్నాక మూశారు. పసితనంలో బొమ్మ మసకగా అందితే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. వయసు పెరిగేకొద్దీ మళ్లీ నేర్పడం కష్టం. ఇంకా కొంచెం టైముంది.”

తాతకు సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైన సగమే గుండెను పిండేసింది. “నేనేనమ్మా... పట్టీ మార్చింది,” అన్నాడు. కూతురు పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పట్టీ ఆయన చేతిలోనే పెట్టింది. “నువ్వే వెయ్యి నాన్నా.”

కుడి కంటికి వేశాడు. అమ్మ వెళ్లగానే పిల్ల మొహం ముందుకు చాపింది. “తాతా, మార్చు.”

మార్చలేదు.

“తాతా, నేనేం తప్పు చేశాను?”

పట్టీ వైపు పోతున్న చేతుల్ని వెనక్కి కట్టుకుని, పిల్ల ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డాడు.