పడాల్సిన గోడ

కోస్టారికాలోని ఆ కొండ ఊళ్ళో శాంతి మ్యూజియం ఒకప్పుడు సిపాయిలుండే కోట. దేశం సైన్యాన్ని ఇంటికి పంపేసిన రోజని, ఏటా డిసెంబరు ఒకటిన ఊరంతా అక్కడ పండగ చేసుకుంటుంది. కమిటీ ఎంచిన మనిషి సమ్మెటతో ఆ పాత గోడను ఒక్కటంటే ఒక్క దెబ్బ కొడతాడు, ఇటుకలు రాలతాయి, బ్యాండు మోగుతుంది. ఆ కన్నాన్ని ఏడాది పొడుగునా వచ్చినవాళ్ళకి చూపిస్తారు. నవంబరు చివర్లో మళ్ళీ పూడ్చాలి కదా, లేకపోతే కొట్టడానికేముంది? ముప్పై ఏళ్ళుగా ఆ పూడ్చే పని ఎవెలియో మేస్త్రీది.

ఇందులో అతనొక్కడికే తెలిసిన కిటుకు ఒకటుంది. కొట్టబోయే మనిషి రెట్టలు చూసి మాలు కలుపుతాడు. రొట్టెల బట్టీ ఆయనకైతే సున్నం కాస్త ఎక్కువ, ముసలి పంతులమ్మకైతే దాదాపు అంతా ఇసుకే. ఎవరి పరువూ పోకుండా గోడ కూలాలి. ఇంతమంది పరువు నిలబెట్టినవాడి చేతికి సమ్మెట మాత్రం ఒక్కసారీ రాలేదు. ఈసారైనా తన పేరు పిలుస్తారని ఎవెలియో ఏటా ఆశపడేవాడు.

ఈ ఏడు పిలిచింది ఒదిలోన్‌ని. మందుల షాపు ఒదిలోన్, ఎవెలియో భార్య ఇసౌరాకి స్వయానా తమ్ముడు. ఆరేళ్ళ కిందట షాపు నిండా జనం ఉండగా, "బావా, నువ్వు కట్టిన ఈ గోడ వంకరగా ఉంది" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఎవెలియోకి ఒళ్ళు మండిపోయింది. సున్నం బస్తా పక్కకి తన్ని, మంచి సిమెంటుతో కన్నం పూడ్చాడు. మధ్యలో ఇనప చువ్వలు కూడా పెట్టాడు. వారం పాటు రోజూ వెళ్ళి నీళ్ళు కొట్టాడు.

"ఎన్నడూ లేంది ఈ గోడకి రోజూ నీళ్ళేంటయ్యా?" అంది ఇసౌరా.

"ఎండలు మండిపోతున్నాయి కదే."

"చలిగాలి కోసేస్తుంటే ఎండలేంటి, నీ మొహం."

పండగ రోజు మ్యూజియం చూసుకునే మిరేయా అమ్మగారు సమ్మెట అందించింది. ఒదిలోన్ దాన్ని ఎత్తలేదు. "మనం పడగొట్టడానికి ముప్పై ఏళ్ళుగా దీన్ని కడుతున్నది మా బావ. ఈసారి ఆయన్నే కొట్టనీండి" అంటూ తీసుకొచ్చి ఎవెలియో చేతిలో పెట్టాడు.

ఎవెలియో ముప్పై ఏళ్ళ కోరిక తీరింది, అదీ ఇలాంటి గోడ ముందు. "నాకు నడుం పట్టేసిందిరా" అన్నాడు. ఆరేళ్ళలో బావమరిదితో అన్న మొదటి మాట అది.

"పొద్దున నాలుగు మొక్కజొన్న టమాలెలు లాగించినప్పుడు పట్టలేదా నడుం?" అంది ఇసౌరా వెనకనుంచి.

కొట్టాడు. ఠంగుమంది. సమ్మెట వెనక్కెగిరింది గానీ గోడ మీద గీతైనా పడలేదు. ఇంకోటి కొట్టాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎవెలియో సిగ్గుతో చచ్చిపోతూ సమ్మెట దించాడు.

"సిమెంటు పోశాను. చువ్వలు కూడా పెట్టాను. వీడు కొడతాడని" అన్నాడు.

ఒదిలోన్ గోడ దగ్గరికెళ్ళి, చెంప ఆనించి, ఒక కన్ను మూసి ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు.

"గీత గీసినట్టుంది బావా. వెంట్రుకంత వంకర కూడా లేదు. ఆ రోజు అంతమందిలో నేనలా అనకుండా ఉండాల్సింది."

ఎవెలియో ఆరేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. వింటే కడుపు నిండిపోతుందనుకున్నాడు. నిండలేదు.

"నీ షాపు గోడ నిజంగానే వంకర్రా" అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "కట్టిన రోజు రసమట్టం ఇంట్లో మర్చిపోయాను."

ఇసౌరా నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈ ముక్క అప్పుడే చెప్పుంటే, ఏటా పండక్కి రెండిళ్ళకీ వేరువేరుగా అరిటాకుల్లో టమాలెలు చుట్టే చాకిరీ నాకు తప్పేది కదయ్యా."

ఇటుక ఒక్కటీ రాలలేదు. అయినా బ్యాండువాళ్ళు మొదలుపెట్టేశారు.