మా ఆయన బిడ్డకు నీళ్లు పోసిన సంగతి

అక్షరాలు నేను ఆలస్యంగా, మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే, దీర్ఘాలు అక్కరలేని చోట నిలబడితే మన్నించండి. నేను ఒక్క వాక్యం రాసేలోపు పొయ్యి మీద పప్పు ఉడికిపోతుంది. అంత నిదానం నాది.

మా ఆయన పోయాక జరిగిన సభలో పెద్దలు ఆయన కథల గురించి మాట్లాడారు. మంచి సంసారి అని కూడా అన్నారు. ఆ సంసారం ఎలా నడిచిందో వాళ్లకేం తెలుసు? అందుకే రాస్తున్నాను. భర్త పేరు పలకకూడదని మా అమ్మ చిన్నప్పుడు చెప్పింది. రాయకూడదని చెప్పలేదు. ఆయన పేరు కొండల్.

పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో మేం యాకుత్‌పురాలో ఉండేవాళ్లం. ఆయన నయాపూల్ దగ్గర ఒక వకీలు వద్ద గుమాస్తా. సాయంత్రాలు గదిలో కూర్చుని ఒక వారపత్రికకు కథలు రాసేవారు. పక్కింటి ఖైసర్ బేగం రోజూ మా వాకిట్లోకి వచ్చేది. రెండిళ్లకూ మధ్య గోడలో చిన్న దర్వాజా ఉండేది. ఆమెకు పరదా కాబట్టి ఆమె ఉన్నంతసేపూ ఆయన గది దాటేవారు కాదు.

అది నాకు మొదటి కాన్పు. అప్పటికే అమ్మ లేదు, అత్త లేదు. నడుం పట్టేసి వంగలేకపోయేదాన్ని. పసిబిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది ఖైసర్ బేగమే.

ఒకరోజు ఆమె నీళ్లు పోస్తూ పోస్తూ, అంత మీసాలున్న తన భర్త, గొడుగుల దుకాణం అబ్దుల్ వాహెద్ గారు బల్లి కనబడితే మంచమెక్కి కేకలు పెడతారని చెప్పింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. గదిలో ఆయన చెవులు ఎంత పనిచేస్తున్నాయో నాకేం తెలుసు?

ఆ తరువాత పత్రికలో ఆ బల్లి సంగతే కథగా అచ్చయింది. వాహెద్ గారి పేరు మాత్రం మార్చారు, పాపం. మీసాలు మార్చలేదు. గొడుగుల దుకాణం మార్చలేదు. నయాపూల్‌లో గొడుగులమ్మే మీసాలాయన ఒక్కరే. దారిన పోయేవాళ్లు దుకాణం ముందు ఆగి బల్లిలా చప్పుడు చేయడం మొదలుపెట్టారట.

మర్నాడు దర్వాజాకు అవతల గొళ్లెం పడింది.

"ఖైసరక్కా!" అని తట్టాను.

"ఎవ్వరు లేరు," అంది ఖైసర్ బేగం గొంతు.

"బిడ్డకు నీళ్లు పొయ్యాలె అక్కా."

"మీ ఆయన మస్తు తెలివైనోడు గదా. ఆయన్నే పొయ్యమను. మా ఇంటి ముచ్చట ఊరంత చాటిండు!"

బిడ్డను తడిగుడ్డతో తుడుస్తూ వచ్చాను. ఒళ్లంతా చెమట పొక్కులు లేచాయి. ఏడుపు ఆగేది కాదు. నిజాం రోజులు కదా, శుక్రవారం కచేరీకి సెలవు. ఆయన పంచె మోకాళ్ల పైకి దోపి, స్నానాల బండ మీద కాళ్లు బారజాపి కూర్చున్నారు.

"ఇటియ్యి బిడ్డను."

"మొగోళ్లు చేస్తరా ఎక్కడన్న?"

"లొల్లి చేసింది మొగోడే గదా."

నూనె రాశారు. సున్నిపిండి సగం బిడ్డకు, సగం తన కళ్లద్దాలకు రాశారు. బిడ్డ చేపలా జారింది. నేను కేక పెట్టాను. ఆయన నాకంటే పెద్ద కేక పెట్టారు.

"ఆండాలూ!" గోడ అవతలి నుంచి వచ్చింది ఖైసర్ బేగం గొంతు. "నీళ్లల్ల మోచెయ్యి పెట్టి చూడుమని చెప్పు మీ ఆయనకు. సల్లటియి కలుపుమను."

"కలిపిన అని చెప్పు," అన్నారు ఆయన.

"కలపలే. బిడ్డ ఏడుపు నాకు ఎర్క లేదా?"

నిజంగానే కలపలేదు. ఇద్దరికీ ఇద్దరి మాటలూ వినబడుతూనే ఉన్నాయి. అయినా పరాయివాళ్లు కదా, మధ్యలో నేనుండాలి.

"కండ్లల్ల నీళ్లు పడకుంట నొసలు కాడ చెయ్యి అడ్డం పెట్టుమను."

పెట్టారు. బిడ్డ ఊరుకుంది.

"ఇగ దర్వాజా తియ్యమని అడుగు," అన్నారు ఆయన, ధైర్యం వచ్చి.

"ఒక షర్తు ఉందని చెప్పు. మా ఇంటి బల్లి పేపర్ల ఎక్కింది. గీ స్నానం గూడ ఎక్కాలె. పేరు మార్చద్దు."

ఆయన చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "వకీలు సాబ్ చదువుతడే! కచేరీల ఎట్ల తలెత్తుకోవాలె?"

"మా ఆయన ఎట్ల ఎత్తుకుంటున్నడో గట్లనే!"

కథ వచ్చింది, పేరుతో సహా, చెంబుతో సహా. మొన్న నేనే చదువుకున్నాను. అందులో తన కాళ్లు స్తంభాల్లా ఉన్నాయని రాసుకున్నారు. పుల్లలండీ అవి.

కచేరీ మెట్ల మీద నవ్వులే నవ్వులట. "కొండల్ సాబ్, మా పోరన్ని గూడ తెమ్మంటరా?" అని ప్లీడర్లు అడిగేవారట. వాహెద్ గారు మాత్రం దుకాణంలోంచి బయటికొచ్చి, "కొండల్ భాయ్, నాకు బల్లి, నీకు బిడ్డ. బరాబర్!" అని చాయ్ తాగించారు.

ఆ సాయంత్రమే గొళ్లెం తీశారు. ఖైసర్ బేగం చీర చెంగు దోపుకుని వచ్చి బండ మీద కూర్చుంది.

"తే బిడ్డను."

బిడ్డ గదిలో ఆయన దగ్గర ఉంది. "నాకు అలవాటైంది, నేనే పోస్తనని చెప్పు," అన్నారు లోపలి నుంచి.

"ఏంది? మా పని గుంజుకుంటడా? పోయి కథలు రాసుకోమను!"

"రాసుకుంట, బిడ్డను మాత్రం ఇయ్యనని చెప్పు."

గోడ అడ్డం లేకపోయినా లొల్లి మాత్రం తగ్గలేదు. చివరికి శుక్రవారాలు ఆయనకు, మిగతా రోజులు ఆమెకు అని నేనే తీర్పు చెప్పాను. తరువాత పుట్టిన పిల్లలకూ అదే తీర్పు. శుక్రవారం వచ్చిందంటే ఆమె దర్వాజా వెనక నిలబడేది.

"చెవుల ఎనక కడిగిండా అడుగు!"

"కడిగిన."

"కడగలే."

ఆయన గొణుక్కుంటూ మళ్లీ కడిగేవారు.

ఆండాలు, వయసు అరవై రెండు. ప్రస్తుతం మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక పెద్ద కూతురి ఇంట్లో ఉంటున్నాను.