వీపు చూపించిన సినిమా

"వద్దే, పెట్టకు. ఎవరైనా ఏదైనా అంటారు," అన్నాను. మా అమ్మాయి తీసిన సినిమా ఇంకా ఫోన్లో అందరికీ కనబడేలా పెట్టలేదు. దాని వేలు ఆ మీట మీదే ఉంది. "అననీ అమ్మా, అనడానికేగా తీసింది," అని నొక్కేసింది. ముందుగానే కీడు శంకించడం నాకు అలవాటు. పాలు పొయ్యి మీద పెట్టగానే పొంగిపోయాయనుకుంటాను, ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. ఇంట్లో అందరూ నవ్వుతారు. పాలు పొంగినప్పుడు పొయ్యి తుడిచేది నేనే కాబట్టి నా భయం నాకుంటుంది.

అమ్మాయి పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే దుకాణంలో పనిచేస్తుంది. జీతంలో మిగిల్చుకున్నదానితో, అరువు కెమెరాతో, సెలవు రోజుల్లో మా ఇంట్లోనే సినిమా తీసింది. వేషం వేసింది దాని స్నేహితురాలు, ఆసుపత్రిలో నర్సు. వంటగది మాది, మెట్లు మావి, మేడ మాది. ఆ పిల్ల కట్టుకున్న బట్టలు కూడా నావే. ఆ రోజుల్లో నా పనల్లా అందరికీ టీలు పెట్టడం, కుక్కర్ కూసినప్పుడల్లా "సౌండు అమ్మా" అనిపించుకోవడం. కథేమిటే అంటే, "ఏం లేదు, ఒకావిడ ఇంట్లో పని చేసుకుంటూ ఉంటుంది," అంది. దానికి సినిమా ఎందుకు, నన్ను చూస్తే చాలదా అన్నాను. అది నవ్వలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

సినిమా వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఆవిడ వండుతుంది, కడుగుతుంది, తుడుస్తుంది. ఒక మధ్యాహ్నం ఆరిన బట్టలు తీయడానికి మేడ ఎక్కి, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుండిపోతుంది. పొద్దు వాలేదాకా లేవదు. కెమెరా వెనకాల, మెట్ల మలుపులో ఉంటుంది. మనకి ఆవిడ వీపే కనబడుతుంది. మాట లేదు, పాట లేదు. చివరికి లేచి బట్టలు చంకన పెట్టుకుని దిగిపోతుంది. అంతే సినిమా.

ఆ వీపు నాది. అమ్మాయి అప్పుడే బడికి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో, నేను అదే ట్యాంకు పక్కన అలాగే కూర్చున్నాను. మా ఆయన తన ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలిచారు. పొద్దుటి నుంచీ నిలబడి వండాను. వాళ్ళ ముందు కూర నోట్లో పెట్టుకుని, "ఉప్పు చేత్తో వేశావా, గరిటెతో వేశావా" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వాను. తర్వాత గిన్నెలు తోమి, బట్టల కోసం పైకి వెళ్ళి కూర్చున్నాను. ఏడవలేదు. ఏమీ ఆలోచించలేదు. మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం అంత బాగుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి అందులో ఏముందని. మరి దీనికెలా తెలిసింది? ఆ పూట అది బడిలో ఉంది. మెట్ల మలుపులోంచి నన్ను చూసిందెవరు? మా ఆయన చూసి ఉంటే ఊరంతా వినబడేలా అరిచేవారు. అత్తయ్య చూసి ఉంటే, "మీ అమ్మ నీకు పని నేర్పించిందా, కూర్చోవడం నేర్పించిందా" అని ఇప్పటికీ దెప్పుతూ ఉండేది. పైగా మోకాళ్ళ నొప్పులని ఆవిడ అప్పటికే మెట్లెక్కడం మానేసింది. ఇన్నేళ్ళూ నా వెనకాల ఎవరో నిలబడే ఉన్నట్టు వీపు జలదరించింది.

ఇక చూసినవాళ్ళ అభిప్రాయాలు. నాది ఏడో తరగతి చదువు, కూడబలుక్కుని చదువుతాను. ఒకాయన, "నటి కన్నా చీపురు బాగా నటించింది," అని రాశాడు. ఇంకొకాయన, "కెమెరా అక్కడ పెట్టి అందరూ భోజనానికి వెళ్ళినట్టున్నారు," అన్నాడు. ఒకావిడ, "ఆ వీపు చూసి ఏడ్చాను, ఎందుకో తెలియదు," అంది. ఎవరో కుర్రాడు, "మా అమ్మ గుర్తొచ్చింది, వెంటనే ఫోన్ చేశాను," అంటే దాని కింద ఒకమ్మాయి, "ఫోన్ తర్వాత, ముందు వెళ్ళి గిన్నెలు తోము," అని పెట్టింది. అది చదివి నవ్వుకున్నాను. ఆ తర్వాతది చదివాక నవ్వు ఆగిపోయింది. "ఉత్తినే ఏ ఆడదీ అంతసేపు కూర్చోదు. పక్క మేడ మీద ఎవడో ఉన్నాడు. వాణ్ణి చూపించకుండా డైరెక్టరు తెలివిగా దాచింది." అన్నిటికన్నా దానికే ఎక్కువ మెచ్చుకోళ్ళు. మగవాడు అరుగు మీద పొద్దుపోయేదాకా కూర్చుంటే గాలి కోసమే. ఆడది కూర్చుంటే ఎవడి కోసమో.

నేను భయపడ్డట్టే అయింది. మర్నాడు సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా హాల్లో నిలబడ్డారు. అత్తయ్య కుర్చీలో కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. అమ్మాయి అప్పుడే దుకాణం నుంచి వచ్చింది.

"మా వాళ్ళందరూ చూశారు. గురువుగారూ, అది మీ మేడేగా, పక్క మేడ మీద ఎవరుంటారండీ అని అడుగుతున్నారు. ఈ కథ దీనికి నువ్వు చెప్పావా?"

"నేనేం చెప్పలేదండీ."

"చెప్పలేదంటే, చెప్పడానికి ఉందన్నమాట."

అవును, ఒకసారి కూర్చున్నాను అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందకి చూశారు. కూరలో వెంట్రుక కనబడితే చూసినట్టు. తర్వాత అమ్మాయి వైపు తిరిగారు. "రేపటికల్లా ఆ వీపు ముక్క తీసెయ్యి. లేకపోతే నువ్వు వేరే ఇల్లు చూసుకో."

"అమ్మ తీసెయ్యమంటే తీసేస్తాను, నాన్నా," అంది అమ్మాయి. "మీరంటే తియ్యను."

భారం తెచ్చి నా నెత్తిన పెట్టింది. తీసెయ్యవే అంటే ఇల్లు చల్లబడుతుంది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. ఇన్నేళ్ళూ నేను చేసిందదే, ఏది పొంగినా మంట తగ్గించడం. ఉండనీ అంటే ఇది సంచీ సర్దుకుని ఎక్కడ తలదాచుకుంటుందో, ఏ అర్ధరాత్రి ఏమవుతుందోనని అక్కడిదాకా వెళ్ళిపోయింది నా మనసు. కానీ తీసేస్తే, పక్క మేడ మీద నిజంగానే ఎవడో ఉన్నట్టు అవుతుంది. ఆ ఒక్క పూటా నాది. దాన్ని కూడా మురికి చేసి వీళ్ళకి ఇవ్వనా?

"ఉండనీ," అన్నాను. "నువ్వు వెళ్తే నేనూ నీతో వస్తాను."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "వెళ్దువుగాని. ముందు ఇది చెప్పు. ఆ వేళ పైన కూర్చుని ఎవర్ని చూశావు?"

ఎవర్నీ చూడలేదంటే నమ్మరు. నమ్మించడానికి నా దగ్గర ఏమీ లేదు. అమ్మాయి నా వైపు కాకుండా వాళ్ళ నానమ్మ వైపు చూస్తోంది. చీకటి పడుతున్నా లైటు వేయడానికి ఎవరూ లేవలేదు. మామూలుగా వేసేది నేనే. అత్తయ్య చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది.

"పక్క మేడ మీద ఎవరూ లేరురా," అంది అత్తయ్య. "బట్టలకని వెళ్ళి ఎంతకీ రాలేదని నేనే మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాను. కింద నువ్వు టీ ఏదని కేకలేస్తున్నావు. పిలిస్తే లేచి వచ్చేస్తుందని, పిలవకుండా దిగొచ్చేశాను."